ఖాదరన్న చెయ్యి, టార్కు పానా ముల్లు

కారు డిక్కీలోంచి పాత మగ్గం తువ్వాలు తీసి విప్పగానే గ్రీజు వాసన గుప్పుమంది. లోపల నా టార్కు పానా. బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో ముల్లుతో చూపించే పనిముట్టు అది. దాన్ని చేతిలోకి తీసుకుంటే చాలు, ఆదోని మెకానిక్కు ఖాదరన్న పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

డెబ్బైల చివర్లో నేను ఎమ్మిగనూరు హైస్కూల్లో తెలుగు పంతులును. ఒక పత్తి వ్యాపారి వదిలించుకున్న కారు కొని, మరమ్మతులన్నీ ఇంట్లోనే చేసుకుంటానని వీధంతా చాటాను. బళ్ళో సంధులు విడదీయడం నా ఉద్యోగం. ఆ వేసవిలో ఇంజను హెడ్డు బిగిస్తూ, పానాకు నీళ్ల పైపు తొడిగి లాగి, బోల్టును కూడా విడదీశాను. నేసే ఇంట్లో పుట్టి బిగువు తెలియకపోతే ఎట్లా అని మా నాయన మగ్గం మీద నుంచే అడిగాడు.

ఖాదరన్న బస్సులో వచ్చి విరిగిన ముక్కను ఓపిగ్గా బయటికి తీశాడు. "బలం ఎక్కువైంది సారూ, లెక్క తక్కువైంది. టార్కు పానా ఒకటి కొను" అన్నాడు. ఆయన దగ్గర మాత్రం అది లేదు. ఖాదర్ చెయ్యే కొలత అని ఆదోనిలో పేరు. లారీలు ఆయన షెడ్డుకు వచ్చేది ఆ పేరు మీదనే.

ఖాదరన్నను వెంటబెట్టుకుని పోతే, ఆదోని ఇనుప సామాన్ల అంగట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి పెట్టిన అంకె రాగానే టిక్కుమనేది, తళతళలాడేది. నా మనసు దాని మీదకే పోయింది. రెండోది ముల్లుది, బక్కది. ఖాదరన్న ఒక్కోదాన్నీ బల్లకున్న ఇనుప పట్టకారు, అదే వైసులో పట్టించిన బోల్టుకు తగిలించి, బోల్టు నుంచి అర మీటరు దూరంలో పిడికి అంగడి పది కిలోల రాయి వేలాడదీశాడు. పదిలో సగం, ఐదు చూపించాలి. తళతళలాడేది ఐదుకు పెట్టినా ఉలకలేదు, పలకలేదు. బక్కదాని ముల్లు వణికి వణికి ఐదు మీద నిలిచింది.

అంగడాయనకు ఉక్రోషం వచ్చింది. "నీ చెయ్యే కొలత అంటారు గదా ఖాదరూ, మల్ల ముల్లెందుకు?"

సరకు దింపుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు ఆగి చూశారు. ఖాదరన్న కళ్లు మూసుకుని, పానా లాగి పట్టి, "ఇది ఐదు. సదువు సారూ" అన్నాడు.

ముల్లు ఆరు దగ్గర ఉంది. ఆ పేరు పోతే ఆయన బతుకేం కావాలి? "ఐదే" అన్నాను.

ఆయన కళ్లు తెరిచి ముల్లును చూశాడు, తర్వాత నన్ను. "నువ్వే తప్పు సదివితే పిల్లోల్లకేం సెప్తావప్పా? ఆరు అను."

అన్నాను. ఆయన డ్రైవర్ల వైపు తిరిగి, "సూసినారు గదా. పొద్దున్నించి పని చేసిన చెయ్యి, ఎక్కువ లాగేసింది. ఇంగ నాకూ ఒకటి కావాల" అన్నాడు. ముల్లుది ఉన్నది ఒకటే. "ముందు సారుకియ్యి, ఆయన చెయ్యి నా చెయ్యి కంటే అధ్వానం."

తర్వాత తెప్పించుకున్న దాన్ని షెడ్డు ముందు మేకుకు, అందరికీ కనిపించేటట్టు వేలాడదీశాడు. లారీలు తగ్గలేదు. అటుగా పోయినప్పుడల్లా దాన్ని చూసి నాకెందుకో ఛాతీ పొంగేది.

నేను పానా కొన్న వారం, ఆదివారం నాడు ఖాదరన్న మా అరుగు మీద, కారుకు వీపు పెట్టి, టీ తాగుతూ కూర్చున్నాడు. నేను హెడ్డు నడిమి బోల్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ ఐదుకు బిగిస్తూ అంకెలు పైకి చదివాను. ఒకచోట "ఐదున్నర" అన్నాను. తిరిగి చూడకుండానే, "ఇప్పి మల్లా బిగించు" అన్నాడు. చివరి ఐదు చదివాక గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు సదువొచ్చింది సారూ నీకు" అన్నాడు. నా డిగ్రీ కాగితం కంటే అదే నాకు పెద్దది.

ఇవాళ చక్రాల బోల్టులు బిగిస్తూ, పక్కన ఎవరూ లేకపోయినా, అంకెలు పైకే చదివాను. ఒకటి ఎక్కువైంది. ఎక్కువైందనే చదివి, ఇప్పి మళ్లీ బిగించాను.