బెరడు చూడని వైద్యులు

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఒక మట్టితొట్టిలో దానిమ్మ మొక్క ఉండేది. అది మా మేనత్తది. భర్త పోయి పుట్టింటికి చేరిన నాడు అత్తవారింటినుంచి ఆమె అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. శ్రీకూర్మం చుట్టుపక్కల అంత ముద్దుగా పెరిగిన దానిమ్మ మరొకటి లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే, తొలిపూత పూసిన ఏడు దాని మొదలుకు దిష్టికని ఒక నల్లతాడు కట్టింది.

కొన్నేళ్ళకు ఆకులు పండబారాయి. మొదలు దగ్గర బెరడు ఉబ్బి నెఱ్ఱెలు విచ్చింది. మేనత్త అన్నం మానలేదు గాని మాట మానింది.

అప్పుడు వైద్యులు బయలుదేరారు. మా పెదనాన్న పడకకుర్చీలోనుంచి లేవకుండానే అది భూదోషమని నిర్ణయించారు. తొట్టెడు మట్టికి భూదోషమేమిటని అడిగే సాహసం ఎవరికీ లేకపోయింది. మా చినమావయ్య వృక్షాల రోగాల మీద ఒక శ్లోకం ఎత్తుకుని, రెండో పాదం మరచి, మొదటి పాదాన్నే మళ్ళీ చదివి వ్యాఖ్యానం చెప్పారు. పక్కింటి అవ్వకు ఏ సందేహమూ లేదు. "ఏటే, సూడగానే తెలస్తన్నాది గదా. దిష్టి. ఉన్న తాడు సాల్లేదు, ఇంకోటి కట్టు." మేనత్త ఇంకొకటి కట్టింది. అదీ చాలక మరొకటి. ఇంతటి విద్వత్సభలో మొక్క పక్కన కూర్చుని దాన్ని తాకి చూసినవారు ఒక్కరూ లేరు.

మా తాతయ్య ఇదంతా వింటూ ఊరుకున్నారు. ప్రబంధాలు పాఠం చెప్పే మనిషి ఆయన. మూర్ఖత్వాన్ని ఖండించడం కంటె దానికి పీటవేసి కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టం. ఒక ఆదివారం వీరందరినీ ఫలహారానికి పిలిచారు. వారు రాకమునుపే నన్ను చేరదీసి, నా చిటికెనవేలి మొదలుకు నల్లదారం బిగించి ముడివేశారు. నొప్పి పుడితే వెంటనే విప్పేస్తానని, అందాకా ఎవరేమడిగినా నోరెత్తవద్దని చెప్పారు.

ఉప్మా ముగిసేసరికి వేలు ఉబ్బి నేరేడుపండు రంగు తేలింది. తాతయ్య నన్ను నడుమకు తెచ్చి, పిల్లవాడికి ఏమయిందో చూడమన్నారు. పెదనాన్న తేలు కుట్టిందన్నారు. మావయ్య పిత్తమన్నారు. అవ్వ నిట్టూర్చి, "ఓలమ్మ, గోరుసుట్టురా బాబూ. నిమ్మకాయ తొడగండి" అంది. దారం అందరికీ కనబడుతూనే ఉంది. కాని నల్లదారమంటే వారి లెక్కలో రక్షకు కట్టినది. కాపాడవలసినదే కోసుకుపోతుందన్న ఊహ వారి బుద్ధికి దూరం.

"రోగాలు మూడు దొరికాయి, వేలు ముట్టుకున్నవాడు మాత్రం దొరకలేదు" అని తాతయ్య దారం తెంపారు. వేలు మళ్ళీ తన రంగుకు వస్తుంటే, మేనత్త చప్పుడు లేకుండా లేచి వసారాలోకి వెళ్ళింది. మేము చేరేసరికి తొట్టి ముందు చతికిలబడి ఉబ్బిన బెరడు తడుముతోంది. పై రెండు తాళ్ళూ సులువుగా ఊడివచ్చాయి. మొదటిది కనబడలేదు. కాండం లావెక్కి దాన్ని మింగేసింది. గోటితో పొరలు విప్పి బయటికి లాగింది.

"నానే కట్టినాను నాన్నా" అంది.

"నువ్వు కట్టినప్పుడు వదులే తల్లీ. మొక్క పెరిగింది, తాడు పెరగలేదు" అన్నారు తాతయ్య.

వెనుకనుంచి అవ్వ గొంతు. "నాను ముందే అనుకున్నాను, ఆ తాడే పాడుదని."

ఒక కొమ్మ ఎండిపోయింది. తక్కినది బతికి, మేనత్త ఉన్నన్నాళ్ళూ కాచింది.

పెదనాన్నగారి వంశం అంతరించలేదు. మొన్న విజయనగరంలో మా ఎదుటి ఫ్లాటు అమ్మాయి కుండీలో జపాను మేపుల్ మొక్క తెచ్చుకుంది. చలిదేశపు చెట్టును మన ఎండలో నిలబెట్టే ముచ్చట నాకు అర్థం కాదు గాని, దాని మీద ఆమెకు ప్రాణం. బెరడు నిలువునా చీలింది. భవనమంతా విచ్చేసింది. మొక్క ఎదురుగా ఉండగా, ఫోనులో దాని ఫొటో చూసి, బూజు తెగులని ఒక పెద్దమనిషి, పురుగని మరొకరు తీర్పులిచ్చి, రెండింటికీ మందు కొట్టించారు. ఆకులు ఇంకా మాడాయి.

అమ్మాయి అడిగితే వెళ్ళి కుండీ పక్కన కూర్చున్నాను. మొదట తాడు కోసమే వెతికాను. లేదు. చూడకముందే ఉంటుందనుకోవడం నా తెలివితక్కువ. చీలిక పడమటి వైపే ఉంది, తూర్పున బెరడు నున్నగా ఉంది. మధ్యాహ్నం దాటాక అరచెయ్యి ఆనిస్తే కాండం కాలింది. వెనుక గోడా కాలింది.

"ఎండదెబ్బమ్మా. నీడకు మార్చు. చీలిన బెరడు అతుక్కోదు. అంచులనుంచి కొత్తది మూసుకురావాలి. బతుకుతుందో లేదో నాకు తెలీదు."

"మందేటీ లేదా తాతగారూ?"

లేదన్నాను. పెద్దమనుషులు ఒకరి మొగం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వనీ. చెయ్యి కనిపెట్టినంత వరకే నోరు పలకాలన్నది తాతయ్య నాకు మిగిల్చిన చదువు. ఆపైన పలకడానికి మా భవనం మెట్లనిండా జనం సిద్ధంగానే ఉన్నారు.