కారు పొట్టిదయింది, కడ్డీలు కాలేదు

నవంబరు పదహారు, ఆదివారం. పొద్దున్నే ఫరీదాబాద్‌లో మా కాలేజీ బృందపు కారును నేను నడుపుతూ స్టీరింగ్ కాస్త వదిలానో లేదో, అది గోడవైపు మళ్లింది. నిన్ననే పొట్టి స్ప్రింగులు వేసి కారును రెండంగుళాలు కిందికి దించాం. తిన్నగా నడవకపోతే మంగళవారం ప్రదర్శనలో పెట్టనివ్వనని మా సార్ ముందే చెప్పారు.

సైన్యంలో బండ్లు బాగుచేసి రిటైరైన శ్రీకాకుళం అంకుల్ దుకాణానికి తీసుకెళ్లాం. ఆయన కారు కిందికి దూరి చూశారు.

"చక్రాల అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించారు బాబూ?"

"మొన్న అంకుల్. స్ప్రింగులు మార్చేలోపు ఒక పని అయిపోతుందని..."

"అచ్ఛా! దర్జీకి కొలతలిచ్చేసి, ఆనక సన్నబడ్డారన్నమాట. కారు పొట్టిదయింది గానీ, చక్రాల్ని తిప్పే ఈ కడ్డీలు పొట్టివయ్యాయేటి? అవే చక్రాల్ని పక్కకి తోసేస్తన్నాయి."

పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కని పాఠం ఆ ఒక్క మాటతో ఎక్కింది. పైగా ఒకవైపు కడ్డీ చివర కీలు కూడా అరిగిందట. అది మార్చి మళ్లీ అలైన్‌మెంట్ చేస్తే తిన్నగా నడుస్తుందన్నారు. మాలాగా పనిని తలకిందులుగా చేసినవాళ్లు మీలో ఉంటే చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది.

రేపు ఉదయం ఏడింటికి రమ్మన్నారు. నడిపే మనిషి బరువు కారులో ఉండగానే చక్రాలు సరిచేస్తారట. నేను ఆరున్నరకే వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుంటాను.