మూడు శాస్త్రాలు, ఒక చేపల పోగు

పెళ్ళిళ్ళలో బఫే భోజనం పెట్టడం మీద నాకు అభ్యంతరమేమీ లేదు గానీ, కాజాల పళ్ళెం దగ్గర నిలబడే మనిషితోనే పేచీ. నా ముందున్నాయనకు రెండు వేస్తాడు. నా వెనకున్నావిడకు రెండు వేస్తాడు. నా దగ్గరకొచ్చేసరికి ఒక్కటి వేసి, పళ్ళెం సర్దుకుంటున్నట్టు కిందికి చూస్తాడు. మొన్న మా కాలేజీలో పనిచేసే ఒకాయన కూతురి పెళ్ళిలోనూ ఇదే జరిగింది. ఇప్పుడైతే ఆ ఒక్క కాజా తినేసి ఊరుకుంటున్నాను. ఆ రోజుల్లోనైతే ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజుల్లో ఎవరికి ఎంత రావాలి, ఎందుకు రావాలి, రావాలని చెప్పే హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకూ నా దగ్గర జవాబులు నిల్వ ఉండేవి. ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలిసినంత న్యాయం ఆ తరవాత ఎప్పుడూ తెలియలేదు. (ఏటేటా కాస్త కాస్త తరుగుపోతూ వచ్చింది.)

ఆ జవాబులన్నీ ఎం.ఏ.లో సంపాదించినవి. తత్వశాస్త్రం, రాజనీతి శాస్త్రం, ఆర్థిక శాస్త్రం మూడూ కలిపి ఒకే డిగ్రీగా ఇచ్చే కోర్సు అది. మా బ్యాచీలో ఏడుగురం. ఇద్దరు హాస్టల్ గది కోసం చేరారు, నలుగురు సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకోవడానికి చేరారు. కోర్సు మీద ప్రేమతో చేరినవాణ్ణి నేనొక్కణ్ణే అని రాసుకోవాలని ఉంది గానీ, నేను చేరింది మా కొట్లో కూర్చోకుండా తప్పించుకోవడానికి. మాది శ్రీకాకుళం బజారులో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. ఉప్పు, పప్పు, బెల్లం. మా నాన్న కోర్సు వివరాల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మూడూ కలిపి ఒక్కటిగా ఇచ్చేస్తారేటిరా?" అన్నాడు. అవునన్నాను. "మా వ్యాపారంలో దాన్ని కల్తీ అంటారు" అన్నాడు. మా నాయనమ్మ మాత్రం నన్ను సమర్థించింది. మనవడేం చదువుతున్నాడని వీధిలో ఎవరడిగినా, "మూడు జబ్బులకి ఒకటే బిళ్ళ ఉంటాది చూడు, అలాంటి చదువమ్మా" అని చెప్పేది.

నాన్న ఒక షరతు పెట్టాడు. రెండేళ్ళు నావి. ఆ పైన ఒక్క రోజు ఎక్కువైనా కొట్లో గల్లాపెట్టె వెనక కూర్చోవాలి. మా నాన్న మాట తూకం రాయి లాంటిది, అరగదు. కాబట్టి పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా గట్టెక్కించుకుంటూ వచ్చి, చివరి సెమిస్టర్‌లో సిద్ధాంత వ్యాసం దగ్గర ఆగాను. నా వ్యాసం పేరు 'న్యాయమైన పంపకం'. లైబ్రరీలో కూర్చుని నూట పది పేజీలు రాసి మా గైడు మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ నిదానంగా చదివి, కళ్ళజోడు తీసి, "బాగుంది. ఇందులో మనుషులెక్కడున్నారు?" అన్నారు. నేను కూడా వెతికాను. లేరు. "నిజంగా ఎవరో ఏదో పంచుకునే చోటికి వెళ్ళు. ఎలా పంచుకుంటున్నారో రాయి. ఎందుకలా పంచుకుంటున్నారో వాళ్ళ నోటితో చెప్పించు. ఆ కారణం లేకపోతే నేను సంతకం పెట్టను." గడువు నెలాఖరు. తప్పితే మళ్ళీ ఆరు నెలలకి. అంటే గల్లాపెట్టె. చేతిలో ఉన్నవి నాలుగు శనివారాలు.

మొదటి శనివారం తెల్లవారగానే కళింగపట్నం బస్సెక్కాను. అక్కడి సముద్రపొడ్డున అలివి వల వేస్తారు. పడవలో వెళ్ళి వలను నీళ్ళలో అర్ధచంద్రాకారంగా విడిచి వస్తారు, దాని రెండు తాళ్ళనూ ఒడ్డు మీద రెండు జట్లుగా నిలబడి గంటసేపు లాగుతారు. ఆ రెండు జట్లనూ నడిపే పెద్దమనిషిని అందరూ తువ్వాలు మావ అంటారు. నోటితో అరవడు, తువ్వాలు ఊపుతాడు. నేను వెళ్ళి, "నమస్కారం మావా, పంపకంలో న్యాయం గురించి నాలుగు మాటలు..." అని మొదలుపెట్టాను. "తాడొగ్గీసి నీతో మాటాడమంటావేటి?" అన్నాడు నా వంక చూడకుండానే, వెనక్కి వెనక్కి నడుస్తూ. మనిషి వెనక్కి నడుస్తుంటే ఎదురుగా నిలబడి ఇంటర్వ్యూ చేయడం కష్టం. ఊరికే పక్కన నడవడం బాగోదని మర్యాదకి నేనూ తాడు మీద చెయ్యి వేశాను. నా జీవితంలో మర్యాద కోసం చేసిన పనుల్లో అంత ఖరీదైనది మరొకటి లేదు.

వల ఒడ్డుకొచ్చింది. నెత్తళ్ళు, కవళ్ళు, అన్నీ చిన్న చేపలే, వెండి చిల్లరలా మెరుస్తున్నాయి. వాటిని ఇసుక మీద సమానంగా పోగులు పెట్టారు. అప్పుడొకడు ఆ పోగులకు వీపు తిప్పి, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. తువ్వాలు మావ కర్రతో ఒక పోగును తాకి "ఇదెవరిది?" అన్నాడు. వీపు తిప్పినవాడు ఒక పేరు చెప్పాడు. మరో పోగు. మరో పేరు. ఏ పోగు ఎవరికి పోతుందో చెప్పేవాడికే తెలియదు! పంచేవాడి కళ్ళకు గంతలుంటేనే పంపకం న్యాయమని మా సిలబస్‌లో లావుపాటి పుస్తకాలు వాదించుకుంటాయి. ఇక్కడ అది కళ్ళ ముందే జరిగిపోతోంది, పైగా బీచిలో. ఆనందం పట్టలేక గబగబా రాసుకుంటున్నాను. "ఇదెవరిది?" అని వినిపించింది. "కళ్ళద్దాల బాబుది!" అన్నాడు వీపు తిప్పినవాడు.

"మేం నీసు ముట్టం, వద్దండీ" అన్నాను. తువ్వాలు మావ భార్య ముందుకొచ్చింది. త్రాసు లేకుండానే చేత్తో ఎత్తి బరువు చెబుతుందని ఆవిడని కాటా అత్త అంటారు. "తాడు పట్టినావా నేదా?" అంది. "పట్టాను గానీ..." "మరింకేటి? పట్టినోడు పోగు కాదంటే రేపు వల అలుగుతాది." రెండేళ్ళు తర్కం చదివినవాణ్ణి. ఆ వాదనలో తప్పు ఎక్కడుందో బస్సు శ్రీకాకుళం చేరేదాకా వెతికాను. (వెతకడానికి ఏకాంతం బాగా దొరికింది. నా సీట్లో, ముందు సీట్లో, వెనక సీట్లో ఎవరూ కూర్చోలేదు.)

ఇంటి గుమ్మంలోనే నాన్న ఎదురయ్యాడు. "సంచీలో ఏటిరా అది?"

"ఫీల్డ్ డేటా, నాన్నా."

నాన్న భుజం మీది కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఆ డేటా గుమ్మం దాటడానికి వీల్లేదు" అన్నాడు. నాయనమ్మ లోపల్నించే, "డేటాయో గీటాయో, ముందు కుళాయి కాడ నాలుగు చెంబులు పోసుకోరా" అని కేకేసింది. ఎదురింటి ఆటో బావ సంతోషంగా ఆ సంచీ అందుకుపోయాడు. అప్పట్నించీ ప్రతి శనివారం సాయంత్రం వీధి మొదట్లో ఆటో ఆపుకుని, "ఏటి బావా, ఈరోజు డేటా ఏటి పడ్డాది?" అని అడిగేవాడు. నా పరిశోధన మీద అంత ఆసక్తి చూపించినవాళ్ళు ఆ తరవాత ఎవరూ లేరు.

రెండో శనివారం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఒక్కడంటే ఒక్కడు పలకలేదు. చివరికి మళ్ళీ తాడు పట్టాను, అరచేతులు బొబ్బలెక్కాయి, అప్పుడు మాటలు వచ్చాయి. నాకు కావలసిన ప్రశ్న దొరికింది కూడా. తాడు చివర ఇసుకలో చుట్ట తాత అని ఒక ముసలాయన కూర్చుని ఉండేవాడు. నోట్లో ఆరిపోయిన చుట్ట, రెండు చేతుల్లోనూ ఊరికే తాడు. లాగేది లేదు. ఆయనకీ అందరితో సమానంగా పోగు పడేది. ఎందుకని అడిగాను. "ఎప్పుడూ ఇస్తన్నాం" అన్నాడొకడు. "ఇవ్వకపోతే తిడతాడు" అన్నాడింకొకడు. తాతనే అడిగాను. "ఆలిస్తన్నారు, నాను పుచ్చుకుంటన్నాను. మద్దిన నీకేటి నొప్పి?" అన్నాడు. అన్నీ రాసుకెళ్ళి మేడమ్‌కి చూపించాను. "'తిడతాడు' అనేది సిద్ధాంతం కాదు" అన్నారు.

మూడో శనివారానికి నలభై ప్రశ్నల పత్రం తయారు చేసుకుని వెళ్ళాను. పట్టుదల వస్తే నేను కాగితాన్ని వదలను. పదిహేడో ప్రశ్న ఇది: 'అందరికీ సమాన వాటా, లేక పడ్డ కష్టాన్ని బట్టి వాటా. వీటిలో మీరు దేన్ని సమర్థిస్తారు?' తాడు లాగుతూ దాన్ని బుల్లెట్టుని అడిగాను. (బుల్లెట్ బండి కొంటానని చిన్నప్పట్నించీ చెబుతున్నందుకు అతనికా పేరు. అప్పటికింకా సైకిలే.) బుల్లెట్టు రెండడుగులు ఆలోచించాడు. తరవాత గొంతెత్తి, "అవును మావా! ఈ బాబడిగింది నిజమే కదేటి? నాను లాగినంత తాత లాగుతన్నాడేటి? మరాడికీ నాకూ ఒకటే పోగేటి?" అన్నాడు. ఇంకో నలుగురు ఊ కొట్టారు. ఆ వారమంతా వేట లేదు, అందరి ఇళ్ళలోనూ కుండలు ఖాళీ. ఈ సంగతి నా నలభై ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

నేను గబగబా పదిహేడో ప్రశ్న కొట్టేసి వాళ్ళకి చూపించాను. "రాసింది కొట్టేస్తే అడిగింది పోతాదేటి?" అన్నాడు బుల్లెట్టు. తువ్వాలు మావ తువ్వాలు ఊపి, తాడు లాగమన్నాడు. అనని మాట వీపు మీద ఎండలా తగులుతోంది. ఈలోగా చుట్ట తాత ఇసుకలోంచి లేచాడు. చుట్ట చెవి మీద పెట్టుకుని, పంచె పైకి కట్టి, జట్టు మొదట్లో అలల దగ్గరికి వచ్చి తాడు పట్టాడు. ఒక అల వచ్చి మోకాళ్ళ మీద పడగొట్టింది. లేచి మళ్ళీ పట్టాడు. ఎవరి వైపూ చూడలేదు, ముఖ్యంగా నా వైపు. నూట పది పేజీల్లో తొంభై పేజీల పాటు పంపకంలో బలహీనుల పక్షాన వాదించినవాణ్ణి, ఒక్క ప్రశ్నతో ఒక ముసలాయన నోటి దగ్గర కూడు లాగేశాను. డిగ్రీ సంగతి మొదటిసారి మరిచిపోయాను.

వల ఒడ్డుకొచ్చింది. పెద్దగా పడలేదు. పోగులు పెట్టేముందు తువ్వాలు మావ నా భుజం పట్టుకుని సముద్రం వైపు తిప్పాడు. "కెలికినోడివి నువ్వే కదా. నువ్వే నిలబడు." నా వెనక ఇసుక మీద పోగులు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తాతకి పోగు పెట్టారో లేదో నాకు తెలియదు. పెట్టకపోతే ఒకటి తగ్గుతుంది. తగ్గితే, ఆఖరున పిలిచిన పేరుకి ఏమీ మిగలదు. కర్ర చప్పుడైంది. "ఇదెవరిది?" "చుట్ట తాతది" అన్నాను ముందుగానే. వెనక ఎవరో దగ్గారు. కర్ర ముందుకి నడిచింది. బుల్లెట్టుది, మావది, ఒక్కొక్కరిదీ చెప్పుకుంటూ పోయాను. ఒక్క నా పేరు మిగిలింది. కర్ర చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే ఖాళీ ఇసుక. పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని నాకు, నా చేపలు నాకు రాలేదని ఏడుపొచ్చినంత పనైంది.

బుల్లెట్టు కాసేపు ఆ ఖాళీ చోటు వంక చూశాడు. తరవాత వంగి, తన పోగులోంచి దోసెడు తీసి అక్కడ వేశాడు. అది చూసి పక్కవాడూ వేశాడు. అందరూ వేశారు. నాకు వద్దన్నాను, నిజంగానే వద్దన్నాను. "అలగంటావేటి బాబూ, నువ్వూ తాడు పట్టినావు కదా" అన్నాడు బుల్లెట్టు.

"మరి నానేటి పట్టుకున్నాన్రా గుంటడా, గాలినా?" అన్నాడు చుట్ట తాత తడి పంచె పిండుకుంటూ.

ముందు తువ్వాలు మావ నవ్వాడు. తరవాత ఆ ఒడ్డంతా నవ్వింది. బుల్లెట్టు తల గోక్కుని, తాత పోగు తనే తట్టకెత్తి ఆయన ఇంటికి మోసుకెళ్ళాడు. ఆ రోజు అన్నిటికన్నా పెద్ద పోగు నాదే అయింది. ఆటో బావ రెండు కవర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది.

నాలుగో శనివారం నేను వెళ్ళలేదు, రాస్తూ కూర్చున్నాను. పట్టిన ప్రతివాడికీ పోగు, ఎంత గట్టిగా పట్టాడన్నది లెక్కలోకి రాదు, ఎందుకంటే పట్టు ఎప్పుడు సడలుతుందో ఎవరికీ ముందుగా తెలియదు. ఇది నా మాటల్లో. బుల్లెట్టు మాట, తాత మాట వాళ్ళ మాటల్లోనే రాశాను. మేడమ్ చదివి సంతకం పెట్టారు. గడువుకి ఒక పూట ముందు వ్యాసం ఇచ్చేశాను. నాన్న గల్లాపెట్టె ప్రస్తావన మానేశాడు.

ఇప్పుడు విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఏటా కొత్త బ్యాచీకి ఈ కథ చెబుతాను. బొబ్బలెక్కిన అరచేతులతో, పదిహేడో ప్రశ్న పట్టుకుని ఇసుకలో పరిగెత్తిన ఆ కళ్ళద్దాల బాబుని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది. అంత గట్టిగా దేన్ని పట్టుకుని ఎన్నాళ్ళయిందో! "గాలినా?" అన్న చోట కథ ఆపుతాను. పిల్లలు నవ్వుతారు, గంట మోగుతుంది, నేను సుద్ద ముక్క దులుపుకుని బయటపడతాను. ఆ తరవాతిది వాళ్ళకెప్పుడూ చెప్పలేదు.

ఫలితాలొచ్చాక, అట్ట వేయించిన వ్యాసం ఒక ప్రతి పట్టుకుని కళింగపట్నం వెళ్ళాను. మగవాళ్ళంతా వేటకి పోయారు. కాటా అత్త ఒక్కతీ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. పుస్తకం తీసుకుని పేజీలు తిప్పి, "ఒక్క సేప బొమ్మైనా నేదేటి?" అంది. బొమ్మలు లేవు గానీ మీ న్యాయమంతా ఉంది అత్తా అని, గర్వంగా చివరి అధ్యాయం చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విన్నది. విని, చేతికంటిన ఉప్పు దులుపుకుంటూ నా మొహంలోకి చూసింది.

"బజార్లో మీ నాయన కొట్టు కాడే కదా బాబూ, ఈ ఉప్పు కొంటాను. ముప్పై యేళ్ళు మూటలు మోసినోడు ఒక ముసిలోడుండీవాడు అక్కడ. నడుం పడిపోయినాదని మొన్న మానిపించీసినారట. ఆడికెంత పోగేస్తన్నారు?"