చెవి ఆఖరున పోతుంది

అక్క పోయిందని మొన్న ఆక్లాండ్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. స్కూల్లో అప్పుడే ప్రార్థన అయి, పిల్లలు వరసల్లో క్లాసులకు వెళ్తున్నారు. "ఆంటీ, మమ్మీ ఈజ్ గాన్," అంది. అక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం అంతంతమాత్రం. అక్క డ్యూటీకి తయారవుతూ వంటింట్లో కూలబడిపోయిందట. పిల్ల ఇంటికొచ్చి చూసి అంబులెన్స్ పిలిచేసరికే అయిపోయిందట. నేను "అయ్యో" అన్నాను.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. కొన్నేళ్ళ కిందట వేసవి సెలవుల్లో మా స్కూలు పిల్లల్ని న్యూజిలాండ్ చదువుయాత్రకు తీసుకెళ్ళే పని నా నెత్తిన పడింది. పిల్లలు తలో ఇంట్లో ఉన్నారు. నాకు ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో ఈవిడ ఇల్లు దొరికింది. పుట్టి పెరిగింది మా బెజవాడలోనే, గుణదలలో. నర్సుగా వెళ్ళి అక్కడే సెటిల్ అయి, ముసలివాళ్ళుండే ఒక రెస్ట్ హోమ్‌లో పనిచేసేది.

వేసవి యాత్ర అన్నారు కదా అని అందరం నూలు బట్టలు సర్దుకుని దిగాం. బయట జివ్వుమని చలి, సన్నగా వాన. అక్కడ మే నెలంటే చలికాలం మొదలు. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అక్క ఎగాదిగా చూసి, "టీచరమ్మా, మీరు ఏం చెప్తారు పిల్లలకి?" అంది. సోషల్ అన్నాను. "మరి అర్ధగోళాల పాఠం ఎవరు చెప్తారు?" అంది. నేనే చెప్తాను, ఏటా చెప్తాను. ఆవిడ ఎయిర్‌పోర్ట్‌లో అందరూ తిరిగి చూసేలా నవ్వి, తను వేసుకున్న స్వెట్టర్ విప్పి నాకు తొడిగింది.

కారు తీసే ముందు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. వీధి చివర డైరీకి, అంటే వాళ్ళ చిల్లర కొట్టుకి, పాల కోసం వెళ్ళినా అంతే. "దేవుడు విసుక్కోడా అక్కా?" అంటే, "ఆయన విసుక్కోడు, వెనక కార్లవాళ్ళే విసుక్కుంటారు," అనేది. ఇంటికి ఎవరు ఏ కష్టం చెప్పుకోవడానికి వచ్చినా, "ముందు తిను, తర్వాత ఏడువు," అని కంచం పెట్టేది.

రెస్ట్ హోమ్‌లో ఎవరికైనా ఆఖరు ఘడియలు వస్తే అక్క పక్కన కూర్చుని చెవిలో మాట్లాడేదట. అప్పుడప్పుడు తెలుగులో కూడా. తెల్లవాళ్ళకి తెలుగేంటని అడిగాను. "చెవి ఆఖరున పోతుంది టీచరమ్మా. అర్థం కాకపోతే ఏం, ఎవరో ఒకరు పక్కనున్నారని తెలిస్తే చాలు," అంది.

ఆ యాత్రలో పిల్లలు మ్యూజియం చూశారు, ఇంగ్లీషు క్లాసులకు వెళ్ళారు, సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. నాకు మిగిలింది మాత్రం ఒక్క రోజు. ఆ రోజు మావోరీల మరాయెకి వెళ్ళాం. అది వాళ్ళ వంశానికంతటికీ ఉమ్మడి ఇల్లు. చెప్పులు బయట విడవాలి. గోడల నిండా పోయినవాళ్ళ ఫొటోలు. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళు తమ గురించి చెప్పుకోవాలి. ముందు తమ కొండ పేరు, తర్వాత నది పేరు, తర్వాత పెద్దల పేర్లు, చివర్న తమ పేరు. మన దగ్గర ముందు మార్కులు, ఆ తర్వాతే మనిషి. అపార్ట్‌మెంట్లలో పుట్టిన మా పిల్లలు మాకు కొండెక్కడిదని గోల పెడితే, ముందురోజు అక్కే కూర్చోబెట్టి, ఇంద్రకీలాద్రి, గుణదల కొండ, మంగళగిరి కొండ తలో ఒకటి పంచిపెట్టింది.

పిల్లలందరూ గడగడా చెప్పేశారు. వ్యాన్ నడిపి మమ్మల్ని తీసుకొచ్చిన అక్కని కూడా చెప్పమంది ఆ ఇంటి పెద్దావిడ. అక్క లేచి గుణదల కొండ అంది, కృష్ణ అంది, నాన్న పేరు దగ్గర ఆగిపోయింది. చివరికి ఇంగ్లీషులో చెప్పింది. కరోనాలో నాన్న పోయాడు, విమానాల్లేవు, ఫోన్లో చూస్తూ కూర్చున్నాను, ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను అని.

పెద్దావిడ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "మేం పోయినవాళ్ళ గురించి మాట్లాడం, వాళ్ళతోనే మాట్లాడతాం. కోపముంటే తిడతాం కూడా. నీ భాషలో ఇప్పుడు చెప్పు," అంది.

అక్క ఆ ఫొటోల వైపు తిరిగింది. "నాన్నా, షుగరని చెప్తే విన్నావా? పక్కింటోళ్ళ చేత కాజాలు తెప్పించుకుని తిన్నావు. నాకు తెలీదనుకున్నావా? రాలేకపోయాను నాన్నా. దారులన్నీ మూసేశారు. ఎవరెవరి చెవుల్లోనో చెప్పాను, నీ చెవిలో చెప్పలేకపోయాను." తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో, "హాయిగా ఉంది టీచరమ్మా, ఆకలేస్తోంది," అంది.

ఆ తర్వాత ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరనాళ్ళకి వస్తానని చెప్పేది. నన్ను పక్కన పెట్టుకుని కొండెక్కుతానని, దిగొచ్చి నాన్న సమాధి దగ్గర కూర్చుంటానని. ఒక ఏడు కూతురి పరీక్షలన్నది. ఇంకో ఏడు స్టాఫ్ లేరు, సెలవివ్వరంది. "ఎక్కడికి పోతుందిలే కొండ?" అనేది. నేనూ సరేలే అనేదాన్ని. కొండ ఎక్కడికీ పోలేదు. అందుకే నాకు ఆవిడ మీద కోపంగా ఉంది, చెప్పలేనంత బెంగగా ఉంది. వెళ్దామంటే వీసా వచ్చేలోపు అన్నీ అయిపోతాయి.

మర్నాడు కూతురు మళ్ళీ వీడియో కాల్ చేసింది. శవపెట్టెను ఇంటికి తెచ్చి ముందుగదిలో ఉంచారు. "ఆంటీ, మరాయెలో తాతయ్యకి మమ్మీ చెప్పినట్టు మీరు చెప్పండి. నాకు అంత తెలుగు రాదు. ఫోన్ మమ్మీ చెవి దగ్గర పెడతాను," అంది.

స్టాఫ్ రూమ్ తలుపు వేసుకున్నాను. తెరమీద ఆవిడ చెవి, చిన్న దుద్దు, పక్కకి దువ్విన నెరిసిన జుట్టు. ఎంతమందికో ఆఖరి మాట చెప్పిన మనిషికి తన ఆఖరున వంటింట్లో ఎవరూ లేరు. ఇప్పుడు వినపడుతుందో లేదో నాకు తెలీదు.

"అక్కా," అన్నాను. "పరీక్షలన్నావు, స్టాఫ్ లేరన్నావు. అన్నీ సాకులే. నీ స్వెట్టర్ ఇంకా నా దగ్గరే ఉంది, ఈ ఎండల్లో నేనేం చేసుకోను? కొండ అలాగే ఉంది అక్కా. నువ్వే రాలేదు." ఇంకా ఏదేదో అన్నాను. ఏడ్చాను కూడా. ముందు తినలేదు.

పీరియడ్ బెల్ కొట్టారు. కూతురు ఫోన్ అక్కణ్ణించి తియ్యలేదు. అక్కడ వాన పడుతున్నట్టుంది, కిటికీ మీద చప్పుడు వినిపిస్తోంది. నేనూ పెట్టెయ్యలేదు.