మామా పిస్తోలు బేరం

పక్క వీధిలో దొంగలు పడ్డాక మా మామాకు పిస్తోలు పిచ్చి పట్టుకుంది. కువైత్ ఇళ్ళలో పనిచేసే మేం ఇంటావిడను మామా అనీ, ఇంటాయన్ను బాబా అనీ పిలుస్తాం. బాబా ఎప్పుడూ ప్రయాణాల్లోనే ఉంటాడు. రుమైథియాలో అంత పెద్ద ఇంట్లో రాత్రిపూట ఉండేది ఆమె, నేను. పిస్తోలుకు పోలీసుల అనుమతి కావాలి. ఆ అనుమతి రావాలంటే షూటింగ్ రేంజ్‌లో నేర్పించే ఉస్తాద్, ఈమె జాగ్రత్తగా వాడగలదని సంతకం పెట్టాలి.

నాకు కావలసిన సంతకం వేరు. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం ఇఖామా, నాది గడువు అయిపోవచ్చింది. మామా సరే అంటే ఇంకో రెండేళ్ళు ఉంటాను, కాదంటే పెట్టె సర్దుకోవాలి. రాయచోటిలో నా కూతురు నర్సింగు సగంలో ఉంది. అందుకని ఆ వారమంతా ఇంట్లో పిల్లిలా తిరిగాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు చెబితే నమ్మరు.

"నువ్వూ రా, బాబా లేనప్పుడు నీకూ తెలియాలి" అని మామా నన్ను రేంజ్‌కు వెంటబెట్టుకుపోయింది. పొడవాటి గది, ఆ చివర మనిషి బొమ్మ గీసిన అట్టలు. ఉస్తాద్ పాకిస్తాన్ సైన్యంలో చేసి వచ్చిన మనిషి, నాతో హిందీలో మాట్లాడాడు. మా చెవులకు చప్పుడు ఆపే డిప్పలు తగిలించి, బల్ల మీద మూడు పిస్తోళ్ళు పరిచాడు. మూడూ మిలిటరీ వాళ్ళు వాడే రకమే, మూడూ చవకవే. ఒకటి ఏదో దేశపు సైన్యం పాతబడిందని వదిలించుకున్నదట, పిడి దగ్గర రంగంతా పోయింది. మిగతా రెండూ కొత్తవి, ఇసుక రంగువి. సులైబియా కూరగాయల మార్కెట్లో ఉల్లిపాయల పెట్టెకు కూడా బేరమాడే మనిషి మా మామా. "దొంగ వచ్చి ఇది ఎంతకు కొన్నావని అడుగుతాడా?" అని నవ్వింది.

మామా మొదటి దెబ్బ కాల్చింది. డిప్పలు ఉన్నా ఆ చప్పుడు ఎముకల్లో తెలిసింది. పాతది మధ్యలో ఇరుక్కుపోయింది, మామా దాన్ని పక్కకు నెట్టేసింది. ఇసుక రంగు దాంట్లో ఒకటి ఆమె చేతికి బాగా అమరింది. కాల్చిన కొద్దీ మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఎప్పుడు బయటపడతామా అనే ఉంది.

అంతలో పక్క వరసలో ఎవరో తప్పుగా నిలబడ్డారని ఉస్తాద్ అటు పోయాడు. మామా తూటాలుండే మ్యాగజీన్ కిందికి లాగి బల్ల మీద పెట్టింది. "ఖలాస్, ఖాళీ. పట్టుకుని చూడు, ఎంత తేలికో" అని పిస్తోలు నా చేతిలో పెట్టేసింది.

కొత్త పనిముట్టు ఏది చేతికొచ్చినా ముందు కళ్ళకద్దుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కొడవలైనా అంతే, చేటైనా అంతే. మొన్నామధ్య కొత్త మిక్సీ జారును అలా అద్దుకుంటే మామా పడీపడీ నవ్వింది. ఆ అలవాటే ముంచింది. ఆలోచన లేకుండా రెండు చేతులతో ఆ పిస్తోలును ఎత్తి కళ్ళకద్దుకున్నాను. గొట్టం మూతి ఇంకా వెచ్చగా నా బొట్టుకు తగిలింది.

ఉస్తాద్ అరిచిన అరుపు డిప్పల్లోంచి కూడా వినిపించింది. ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టుకుని, గొట్టాన్ని అట్టల వైపు తిప్పి, పిస్తోలు లాక్కున్నాడు. దాని పైభాగాన్ని వెనక్కి గుంజాడు. లోపలినుంచి ఒక తూటా ఎగిరి బల్ల మీద పడి దొర్లింది. మ్యాగజీన్ తీసేసినా గొట్టంలోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుందట. ముందే చెప్పాను కదా అని ఉస్తాద్ మామా వైపు చూశాడు.

"ఎవరిచ్చారు నీకిది?" అని హిందీలో నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మామా అరబ్బీలో అనేసింది, "నేనివ్వలేదు. తనే తీసుకుంది."

ఇన్నేళ్ళలో నాకు అరబ్బీ ఆ మాత్రం రాదనుకుందా? రాదనుకోలేదు. నాకు అర్థమవ్వాలనే అంది. నా జ్వరానికి రాత్రంతా మేలుకున్న మనిషి ఆమె. అందుకే నాకు అంత మండింది. చెంప పగలగొట్టాలనిపించింది. ఆమె మాత్రం నా కళ్ళలోకే చూస్తోంది, రెప్ప వేయకుండా. ఆ చూపులో నా ఇఖామా ఉంది, నా కూతురి చదువుంది.

"అవును సార్, నేనే తీసుకున్నా" అన్నాను.

ఉస్తాద్ నమ్మలేదు, మొహంలోనే తెలుస్తోంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. నన్ను బయటికి పంపేశాడు.

కారులో మా డ్రైవరన్న ఉన్నాడు, ఆయనదీ రాయచోటే. "ఏమ్మా, అట్ల వణకతాండావు? ఏమాయ?" అంటూ నీళ్ళ సీసా ఇచ్చాడు. ఏడుస్తూ చెప్పాను.

"నిజం చెప్పింటే ఏం పోతాండె?"

"చెప్పింటే నా ఇఖామా నువ్వు కొట్టిస్తావా అన్నా?"

లోపల మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. అవి మామావేనని నాకు తెలుసు. ఒక్కో చప్పుడుకీ నుదురు తడుముకుంటూ కూర్చున్నాను.

ఆమె చిల్లులు పడిన అట్ట పట్టుకుని బయటికొచ్చింది. "చూడు, అన్నీ గుండెలోనే" అని నాకు చూపించింది. జరిగినదాని గురించి ఆ రోజు మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. ఆ వారంలోనే నా ఇఖామా రెండేళ్ళకు కొట్టించింది. కొన్నాళ్ళకు ఆమె అనుమతి కాగితమూ వచ్చింది.

ఇసుక రంగు పిస్తోలు ఇప్పుడు ఆమె మంచం పక్క సొరుగులో ఉంటుంది. ఆ గది ఊడ్చేది, దుప్పట్లు మడిచేది, ఆ సొరుగు తుడిచేది నేను. తెచ్చిన రోజే అడిగాను, అందులో తూటాలేమైనా ఉన్నాయా మామా అని. ఆమె అద్దం ముందు కాటుక పెట్టుకుంటూ, తల తిప్పకుండానే, "లేవులే, నేను తీసేశాను" అంది.