కాన్పుకో పన్ను అన్నోళ్ల మీద

కిషన్‌బాగ్ పెద్దమ్మ పోయిందని పొద్దుగాలనే ఫోనొచ్చింది. మా అమ్మకు అక్క. మేము పోయేసరికి ఇంటి నిండ మనుషులు. ఒకామె కండ్లు తుడుసుకుంట, "పళ్లు పోయినా నవ్వు పోలే పాపం" అన్నది. నాకు మండింది. "మీకేం ఎరుక? ఆ నవ్వు ఎన్నడో పోయింది" అన్న. చావింట్ల లొల్లి ఏందని మా ఆయన చెయ్యి గుంజిండు. అందుకే ఇక్కడ రాస్తున్న. ఇక్కడ గుంజేటోళ్లు లేరు.

పెద్దమ్మకు నలుగురు పిల్లలు. కడుపుతోని ఉన్నప్పుడల్లా చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారేదంట, పళ్లు కదిలేవంట. నాకు బుద్ధి తెలిసేటాళ్లకే ఆమె నోరు ఖాళీ, కట్టుడు పళ్లు చానా ఏండ్లకు వచ్చినయ్. మా అమ్మమ్మకూ గంతే. అందరి నోట ఒక్కటే మాట: "కాన్పుకో పన్ను, మీ ఖాందాన్‌ల గట్లనే." బిడ్డ బొక్కల కోసం తల్లి పళ్లు కరుగుతయంట. ఆ మాట చెప్పినోళ్లంత నోటి నిండ పళ్లున్నోళ్లే. సకినాలు కరకర నములుకుంట చెప్పేటోళ్లు.

పెద్దమ్మ మాత్రం ఎవ్వరి మాటా పడేది కాదు. పెదబాపు మటన్ల మెత్తటి ముక్క ఏరిపెడితే, "జర నమిలి కూడ ఇయ్యరాదు, పుణ్యముంటది" అనేది.

తొంభై ఎనిమిదిల నాకు ఐదో నెల. పళ్లు తోముకుంటే నీళ్లు ఎర్రగ. మా అత్త నా బ్రష్ దాచిపెట్టింది. "కడుపుతోని ఉండి పళ్ల డాక్టరేంది? మీ పెద్దమ్మను సూడు, పళ్లు పోతే సచ్చిందా?" అన్నది. ఆ మాటకు ఇంకింత ఉప్పుకారం జల్లి పెద్దమ్మకు చేరేసిన. తెల్లారి చాంద్రాయణగుట్టల మా ఇంట్ల దిగింది. మా అత్తతోని, "వదినె, పోరికి చార్మినార్ల గాజులు తొడిగిస్త" అన్నది. గాజులంటే ఎవరు ఆపుతరు?

గాజుల దుకాణాల ఎనక గల్లీల పళ్ల డాక్టరమ్మ. నా నోరు సూసి, "మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లయిందా?" అని అడిగింది. పెద్దమ్మ నోట్లకెళ్లి కట్టుడు పళ్లు తీసి టేబుల్ మీద ఠక్కున పెట్టింది. బోసినోటితోని, "ఇగో, మా ఖాందాన్" అన్నది. నేను పడి పడి నవ్విన.

డాక్టరమ్మ నవ్వలే. "బిడ్డ తల్లి పళ్లు తినదమ్మా" అన్నది. కొన్ని ఇండ్లల్ల చిగుళ్లకు పుట్టుకతోనే ఓర్పు తక్కువంట, జర గార పట్టినా ఉబ్బుతయంట, కడుపుతోని ఉంటే ఇంకింతనంట. "రక్తంల ఉన్నంత మాత్రాన పళ్లు పోవాలని లేదు. అసొంటోళ్లే అందరికన్న ముందు సాఫ్ చేయించుకోవాలె."

పెద్దమ్మ టేబుల్ మీది కట్టుడు పళ్లను ముందుకు జరిపింది. "అంటే... నావి పోకపోవునా?"

"అప్పుడే సూపిస్తే చానా మటుకు ఉండేవమ్మా."

నాకు గార తీసేదాక ఆమె అట్ల బోసినోటితోనే కూసున్నది. ఆటో ఎక్కినంక మొదలువెట్టింది. తన అత్తను తిట్టింది, మొగుణ్ని తిట్టింది, సచ్చిపోయిన కన్నతల్లిని కూడ ఇడిసిపెట్టలే. "రక్తం రక్తం అని నా నోట్ల మన్ను కొట్టిండ్రు. ఒక్కళ్లన్న నన్ను గిట్ల ఆటో ఎక్కియ్యలే!"

ఆటో భాయ్ బెదిరి, "ధీరే, అమ్మా, జర మెల్లగ" అన్నడు.

"నువ్వు నడుపు!"

నాకు బిడ్డ పుట్టింది. ఒక్క పన్ను కదల్లే, ఆమె పుణ్యమే. కొన్ని నెలలైనంక దోర జామకాయ పట్టుకొని వచ్చింది. కోసుకొస్త ఉండు అంటే, "కొయ్యకు. ముందరి పళ్లతోని కొరుకు" అన్నది. కొరికిన. కరక్కుమన్నది. పెద్దమ్మ కండ్లు మూసుకొని చెవి నా దిక్కు పెట్టి, "మళ్ల" అన్నది.