గిద్దలూరు పార్కులో గులాబీ వీపు పక్షి

పెళ్లయిన కొత్తలో, అత్తగారి ఊరు గిద్దలూరులో, పట్టపగలు నలుగురి ముందు నా పరువు నేనే తీసుకున్నాను. ఇప్పటికీ ఆ పార్కు పక్కగా బస్సు పోతుంటే తల వంచి చెప్పుల వంక చూసుకుంటాను. వింటే మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం సిగ్గే.

అప్పుడే బైనాక్యులర్ కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త బైనాక్యులర్ వాడు అత్తమామలనూ ఎరగడు. దసరా మర్నాడు పెట్టింది తిని కూర్చోక, పొద్దున్నే ఇంటి ఎదురు పార్కుకు పోయాను. చలిదేశాల పిట్టలు మన వైపు దిగే రోజులవి. పిట్టల్ని చూడ్డానికి ఇంత చదువెందుకని మా మామ అప్పటికే ఒకసారి అడిగి ఉన్నాడు. ఒక్క మంచి పిట్టను చూపిస్తే చాలు, అత్తగారింట్లో నాకు విలువ పెరుగుతుందని ఆశ.

కానుగ చెట్ల వెనక పొదలో గులాబీ రంగు వీపు కదిలింది. వెంటనే బైనాక్యులర్ ఎత్తాను. వలస వచ్చే గులాబీ గోరింక అనుకున్నాను. కానీ గోరింకకు అంత ఒళ్లెక్కడిది? పుస్తకం తిరగేస్తే అలాంటిది ఎక్కడా లేదు. పుస్తకంలోనే లేదంటే లోకంలో మొదట చూసింది నేనేనని తేల్చేసుకున్నాను. తెలివి అలా ఉండేది మరి. వాకింగుకు వచ్చినవాళ్లను పోగేసి, బైనాక్యులర్ ఒక పెద్దాయన చేతికిచ్చి, ఇది సైబీరియా నుంచి మంచుకొండలు దాటి వచ్చిందని, గట్టిగా ఊపిరి వదిలినా ఎగిరిపోతుందని చెప్పాను. పెద్దమనుషులు పాపం ఊపిరి బిగబట్టి మునివేళ్ల మీద నిలబడ్డారు.

అంతలో మా అత్త చేతిలో గంపతో వచ్చి నేరుగా పొదవైపు నడిచింది. నేను అడ్డం పోయాను.

"ఆగత్తా, అది చాలా దూరం నుంచి వచ్చింది, బెదురుతుంది."

"అది గాదు నాయనా, నేను..."

"నీకు తెలీదులే. ఊరకుండు."

అంతమంది ముందు అన్నాను ఆ మాట. కొత్త అల్లుడి మాట తీసేయలేక ఆమె గంప కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అది ఆశ్చర్యం అనుకున్నాను.

ఆమెను వెతుక్కుంటూ మామ వచ్చాడు. ఆయనకు గొర్రెల మంద ఉంది. పక్కవాళ్ల మందలో కలిసినా గుర్తుపట్టేందుకు గొర్రెల వీపులకు రంగు పూస్తారు. మిగిలిన రంగు ఇంటి కోళ్లకు పూస్తారని నాకెవరూ చెప్పలేదు.

"ఏంది అల్లుడా, మన కోడిని చూసేదానికా ఇంతమంది? పొద్దున గంప ఎత్తంగానే ఉరికింది. మీ అత్త అప్పటినుంచి ఎతుకుతాంది. మధ్యానం నీకు కూర చెయ్యాల గదా" అన్నాడు మామ.

సైబీరియా పక్షి కొక్కొక్కో అంటూ పొదలోంచి బయటికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ పెద్దాయన నా బైనాక్యులర్ తుడిచి మరీ తిరిగిచ్చాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం; అత్త కోడిని అల్లుడు ప్రదర్శనకు పెట్టడం నాతోనే మొదలు. అది సరే, ఆమెతో నీకు తెలీదని అన్నానే, ఆ మాట ఈనాటికీ నన్ను కుట్టి చంపుతుంది.

మధ్యాహ్నం తల ఎత్తకుండా తింటున్నాను. అత్త దగ్గరికొచ్చి మెల్లగా అంది:

"ఇంకో ముక్క ఏసుకో నాయనా. పాపం, శానా దూరం నుంచి వచ్చింది."

ఆనాడే ఆ విస్తరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఆకాశంలో గరుత్మంతుడే కనబడినా సరే, ముందు మా అత్తను పిలిచి, అది మనదేనా అని అడిగిగానీ నోరు తెరవను.